సొంత పాటల బ్యాండ్‌కి లామకాన్ లాంటి చోటు కావాలి

సినిమా పాటలు కాకుండా సొంతంగా రాసుకున్నవి పాడే బ్యాండ్‌కి హైదరాబాద్‌లో షో ఇప్పించడం తేలిక కాదు. మాకు ఎంతో ఇష్టమైన ఒక చిన్న తెలుగు బ్యాండ్ కోసం అడిగితే, ఒక పబ్ వాళ్లు హిట్ పాటలు పాడితేనే రమ్మన్నారు, పైగా టేబుళ్లు నింపే బాధ్యత కూడా మాదేనట! బంజారాహిల్స్‌లో పాటలు, నాటకాలు లాంటివి జరిగే సాంస్కృతిక వేదిక లామకాన్ వాళ్లు మాత్రం ఏం పాడతారు, ఎంతసేపు, సౌండ్‌కి ఏం కావాలి, ఇవే అడిగారు. 2010 నుంచి నడుస్తున్న చోటు, ఒకప్పుడు ఇల్లు. ఆరుబయట కూర్చుని వినేవాళ్లు వేదికకి ఎంత దగ్గరగా ఉంటారంటే, కొత్త పాటకి జనం చప్పట్లు అందుకున్నప్పుడు బ్యాండ్ వాళ్ల ముఖాల్లో వెలుగు స్పష్టంగా కనిపించింది, నాకైతే కళ్లు చెమర్చాయి. సమోసా, చాయ్ చవక. పార్కింగ్ మాత్రం కష్టమే. వీకెండ్ కావాలంటే చాలా ముందే అడగండి. రాత్రి 10 దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు కాబట్టి, డ్రమ్స్ ఉన్న బ్యాండ్ అయితే సౌండ్ చెక్ జనం రాకముందే ముగించేయండి.