గువా షా: వీపుకు ఒక తీరు, ముఖానికి మరో తీరు
గువా షా అన్న ఒకే పేరుతో రెండు వేర్వేరు చికిత్సలు నడుస్తున్నాయి. మెడ, భుజాలు, వీపులపై చేసేది చైనా సంప్రదాయ వైద్యానికి చెందినది. నూనె రాసి, నునుపైన అంచుగల పలకతో ఒకే దిశలో, చర్మంపై ఎర్రటి చుక్కలు తేలేదాకా గట్టిగా గీస్తారు. ముఖానికి చేసేది మాత్రం మృదువైన మర్దన. అక్కడ చుక్కలు తేలాయంటే ఒత్తిడి మితిమీరిందన్నమాట. నేను ఈ రెండూ ఒకే థెరపిస్టు దగ్గర చేయించుకున్నాను.

పలక చేతపట్టకముందు ఆవిడ అడిగిన ప్రశ్నలే నాకు అన్నిటికన్నా నచ్చాయి. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, చిన్న దెబ్బకే ఒళ్లు కమిలిపోతుంటుందా, కాళ్లలో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా, ముఖానికి ఈమధ్య ముడతలు తగ్గించే బొటాక్స్ గానీ, చర్మం కింద నింపే ఫిల్లర్ ఇంజెక్షన్లు గానీ వేయించుకున్నారా అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. ఇవేవీ అడగకుండా పని మొదలుపెట్టేచోట చేయించుకోకపోవడమే క్షేమం.

వీపుపై మొదటి గీతలకు చర్మం వేడెక్కి గులాబీ రంగుకు తిరిగింది. మెడకూ భుజానికీ మధ్య బిగుసుకున్న కండరం దగ్గరకు వచ్చేసరికి కుంకుమ చల్లినట్టు చుక్కలు తేలి, చూస్తుండగానే ముదురు ఎరుపయ్యాయి. మంట ఉంటుంది, కానీ ఓర్చుకోలేనంత నొప్పి ఉండకూడదు. ఉంటే వెంటనే చెప్పాలి. మచ్చలు సాధారణంగా వారంలోపు మాయమవుతాయి. అవి ఒంట్లోని విషపదార్థాలు బయటపడిన గుర్తులన్న ప్రచారంతో నేను ఏకీభవించను. సన్నటి రక్తకేశనాళికలు చిట్లి, కాస్త రక్తం చర్మం కిందికి చేరడం వల్లే ఆ రంగు వస్తుంది.

మెడ తిప్పడం నాకు తేలికైన మాట నిజం. దీర్ఘకాలిక మెడనొప్పి ఉన్న 48 మందిపై జర్మనీలో జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, వారం తర్వాత చూస్తే, వేడి కాపడం పెట్టించుకున్నవారికన్నా గువా షా చేయించుకున్నవారికి నొప్పి ఎక్కువగా తగ్గింది. అయితే అది చిన్న అధ్యయనం, ఫలితం చూసింది వారం రోజులకే. కాబట్టి ఉపశమనం ఆశించవచ్చు గానీ, నొప్పి మళ్లీ రాదన్న హామీ ఎవరిచ్చినా నమ్మనక్కర్లేదు.

ముఖానికి పలకను దాదాపు చర్మానికి ఆనించినట్టు వాల్చి పట్టుకుని, ముందు మెడ, తర్వాత దవడ, చెంపలు, నుదురు అన్న వరుసలో, మధ్య నుంచి పక్కలకు నెమ్మదిగా లాగారు. కళ్ల కింది ఉబ్బు అద్దంలో తెలిసేంతగా తగ్గింది, మర్నాటికి మళ్లీ వచ్చింది. పేరుకున్న ద్రవం కాసేపు పక్కకు జరగడం వల్ల కలిగే మార్పు అంతకన్నా నిలవదు. దవడ ఎముక ఆకారం మారుతుందని, ముడతలు శాశ్వతంగా పోతాయని చెప్పే ప్రకటనలు నమ్మదగినవి కావు. పళ్లు బిగపట్టే అలవాటున్న నాకు, చెవి ముందరి కండరం సడలడమే ఇందులో నిజమైన లాభంగా తోచింది. మొటిమలు రేగి ఉన్నప్పుడు, ఎండకు చర్మం కమిలినప్పుడు మాత్రం వాయిదా వేసుకోవాలి.

పలక పచ్చరాయిదా, స్టీలుదా అన్నదానికన్నా, ఒకరి తర్వాత ఒకరికి వాడేముందు దాన్ని ఎలా శుద్ధి చేస్తున్నారన్నది ముఖ్యం, ఎందుకంటే గట్టిగా గీసిన చర్మం నుంచి కంటికి కనిపించని రక్తం దానికి అంటవచ్చు. కొమ్ముతో చేసిన పలకలను, పగుళ్లున్న రాళ్లను పూర్తిగా శుభ్రపరచడం కష్టం. స్టీలు పలకైతే ఆ ఇబ్బంది లేదు. నేను అదే కావాలని అడిగి చేయించుకున్నాను.