పాత పెట్రోల్ బండికి వ్యాక్యూమ్ గేజ్: నాలుగేళ్లు వాడాక

పాత పెట్రోల్ బండి ఉన్నవాళ్లు ఎవరు కనిపించినా ‘ముందు వ్యాక్యూమ్ గేజ్ ఒకటి కొనుక్కో’ అని చెప్పేవాడిని. ఇంజిన్ లోపలికి ఎంత గట్టిగా పీలుస్తోందో చూపించే మీటర్ అది. ఇప్పటికీ చెబుతాను. కాకపోతే మొదటి ఏడాది చెప్పినంత ధీమాగా చెప్పను.

మాది గుంటూరు. బండి మహీంద్రా ఎఫ్‌సి, హరికేన్ పెట్రోల్ ఇంజిన్. నాన్న దాంతో యార్డుకు మిర్చి బస్తాలు తోలారు. నేను పెళ్లిళ్లకు షామియానాలు, కుర్చీలు తోలుతున్నాను, నెలకు ఐదారు ట్రిప్పులు. ముందు ముక్కు లేని బండి కాబట్టి ఇంజిన్ రెండు సీట్ల మధ్య రేకు మూత కింద ఉంటుంది. పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బురేటర్ మోకాలి పక్కనే. వేరే బండిలో బ్యాక్‌ఫైర్ అయితే, అంటే మంట వెనక్కి తన్ని కార్బురేటర్‌లో పేలితే, చప్పుడు వినిపిస్తుంది. ఇందులో కాలికి వేడి తగులుతుంది. అందుకే స్లో (రేస్ ఇవ్వకుండా ఇంజిన్ తిరిగే వేగం) కొంచెం అటూ ఇటూ అయినా నేను ఊరుకోలేను.

గేజ్ 1,450 రూపాయలకు తీసుకున్నాను. ఒక డయల్, గొట్టం, రెండు మూడు ఇత్తడి కనెక్టర్లు, అంతే. కార్బురేటర్ దిగువన ఇంటేక్‌కు (గాలి, పెట్రోల్ ఇంజిన్‌లోకి వెళ్లే దారికి) ఉండే చిన్న ప్లగ్ విప్పి అక్కడ బిగించుకోవాలి. నన్ను కట్టిపడేసింది దాని ముల్లు. ఇంజిన్ స్లోలో ఉన్నప్పుడు ముల్లు ఎక్కడ నిలబడిందో చూస్తే సగం సంగతి తెలుస్తుంది. ఎలా కదులుతోందో చూస్తే మిగతా సగం, అసలైన సగం తెలుస్తుంది.

ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటే 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కలో) మధ్య ఎక్కడో ఒకచోట కదలకుండా నిలబడాలి. ఎత్తు ప్రాంతాల్లో వెయ్యి అడుగులకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. మన గుంటూరు, బెజవాడలకు ఆ మినహాయింపు లేదు, కాబట్టి 14 చూపిస్తుంటే సరిపెట్టుకోవద్దు. కదలకుండా తక్కువలో ఉంటే ఎక్కడో బయటి గాలి లాగుతోంది, లేదా టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనకబడింది. మెల్లగా తేలుతున్నట్టు ఊగితే మిక్చర్ (పెట్రోల్, గాలి పాళ్లు) చూసుకోవాలి. లెక్కపెట్టినట్టు ఒకే లయలో టక్కున పడి లేస్తుంటే ఏదో ఒక సిలిండర్ దగ్గర తేడా ఉంది. రేస్ పెంచి అలాగే పట్టుకున్నప్పుడు ముల్లు జారుకుంటూ కిందికి వస్తే సైలెన్సర్ మూసుకుపోతోందని అర్థం.

కొన్న నెలకే పెట్టిన డబ్బు వచ్చేసింది. స్లో నిలబడటం లేదు, ముల్లు 13 దగ్గర ఆగింది. స్ప్రే బాటిల్‌తో సబ్బు నీళ్లు కార్బురేటర్ అడుగున కొట్టగానే ఇంజిన్ శబ్దం మారింది, ముల్లు పైకి లేచింది. గ్యాస్కెట్ మార్చాను, 19కి వచ్చి కూర్చుంది. (ఈ పరీక్షకు కొంతమంది పెట్రోల్ చల్లుతారు. క్యాబిన్‌లోనే ఇంజిన్ ఉన్న బండిలో ఆ పని చచ్చినా చేయవద్దు.) ఆ రోజు నుంచే నేను ఈ గేజ్ గురించి అందరికీ చెప్పడం మొదలుపెట్టాను.

అసలు పరీక్ష కిందటేడాది ఏప్రిల్‌లో వచ్చింది. విజయవాడలో పెళ్లికి సామాను వేసుకుని పొద్దున పదకొండింటికి బయల్దేరాను, పక్కన మా మేనల్లుడు. మంగళగిరి ఇవతల కాజ టోల్ దగ్గర లైన్‌లో ఆగాం. ఇంజిన్ బాగా వేడెక్కి ఉంది. స్లోలో తడబడుతోంది, కాలు తీస్తే ఆగిపోయేలా ఉంది. కొంచెం రేస్ ఇచ్చానో లేదో మూత కింద ఫట్‌మని పేలింది. కాలిన పెట్రోల్ వాసన. వాడు తలుపు తీసుకుని కిందికి దూకేశాడు. వెనక లారీలు హారన్ కొడుతున్నాయి. నాకు చెమటలు పట్టాయి. మూత ఎత్తి చూస్తే మంట లేదు, అదృష్టం. ఆ తర్వాత కృష్ణ మీది వారధి దాటేదాకా మరో మూడుసార్లు కొట్టింది.

సామాను దింపి నేరుగా ఆటోనగర్ వెళ్లాను. మొదటి మెకానిక్ కార్బురేటర్ విప్పి కిట్ మార్చాడు. ‘పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతున్నారు కదా అన్నా, పాత బండ్లన్నీ ఇంతే’ అన్నాడు. అందులో నిజం లేకపోలేదు. 20 శాతం ఇథనాల్‌తో కార్బురేటర్ బండికి మిక్చర్ పలచబడుతుంది, పాత రబ్బరు కూడా దెబ్బతింటుంది. కానీ మా బండి జబ్బు అది కాదు. రెండో మెకానిక్ స్పార్క్ వైపు చూశాడు: పాయింట్లు, కండెన్సర్ మార్చి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ తిప్పి టైమింగ్ ముందుకు పెట్టాడు. స్లో పెరిగింది, పేలుళ్లు కొంచెం తగ్గాయి. మళ్లీ లోడుతో వారధి ఎక్కుతుంటే ఇంజిన్ కణకణమని నాకింగ్ మొదలుపెట్టింది. అప్పటికి 4,800 రూపాయలు ఖర్చయ్యాయి.

ఇన్ని రోజులూ గేజ్ సీటు కింద పెట్టెలోనే ఉంది. గాలి లీకుల కోసమే అది పనికొస్తుందని నా మనసులో పడిపోయింది. మొదటిసారి దొరికిన జబ్బు లీకు కావడం వల్ల అలా అనుకున్నాను.

ఒకరోజు సాయంత్రం ఇంటి ముందు పెట్టి గేజ్ తగిలించాను. ముందు టైమింగ్ మాన్యువల్‌లో ఉన్నట్టు 5 డిగ్రీలకు తెచ్చాను. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే ముల్లు 18 దగ్గర కుదురుగా ఉంది. అక్కడే ఒక సంగతి తట్టింది. మిక్చర్ పలచబడి వెనక్కి కొట్టే బండి చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ గొడవ చేస్తుంది, వేడెక్కాక సర్దుకుంటుంది. మాది తద్విరుద్ధం. పావుగంట అలాగే కూర్చున్నాను. నీళ్లు వేడెక్కేకొద్దీ ముల్లు చిన్నగా అదరడం మొదలైంది. ఇంకొంచెం వేడెక్కాక 18 నుంచి 14కి పడుతూ, లేస్తూ, పడుతూ, లేస్తూ, ఒక్కటి కూడా తప్పిపోకుండా. అద్దం మీద వేలు పెట్టి ఆ లయ చూస్తూ ఉండిపోయాను. రెండు వారాలుగా ఇంజిన్ చెప్పబోతున్న మాటే అది.

ప్లగ్ వైర్లు ఒక్కొక్కటి తీసి ఎర్త్ చేస్తూ చూశాను. ఒకటి, రెండు, నాలుగు తీసినప్పుడు ఇంజిన్ కుంగింది. మూడోది తీస్తే తేడా లేదు. స్పార్క్ బాగానే ఉంది. అప్పుడు మా వీధి చివర పాత మేస్త్రి దగ్గరికి వెళ్లి, సిలిండర్‌లో ఒత్తిడి చూసే కంప్రెషన్ గేజ్ అడిగాను. ఆయన తనే వచ్చారు. డయల్ చూసి ‘ఏంది అబ్బాయ్, బండికి బీపీ చూస్తన్నావా?’ అన్నారు. వేడి మీద మూడు సిలిండర్లు 110 పీఎస్‌ఐకి అటూ ఇటూగా చూపించాయి. మూడోది 65.

‘హెడ్ పని ఎప్పుడు చేయించావు?’ అని ఆయన అడిగిన ఒక్క ప్రశ్నతో విషయం తేలిపోయింది. అంతకు ముందు ఏడాది వాల్వ్ గ్రైండింగ్ అయింది, మూడో సిలిండర్ ఇంటేక్ వాల్వ్‌కు కొత్త సీటు (వాల్వ్ మూసుకుని కూర్చునే రింగు) వేశారు. కొత్త సీటులో వాల్వ్ సర్దుకునేకొద్దీ ట్యాపెట్ గ్యాప్ (వాల్వ్‌కు, దాన్ని నొక్కే భాగానికి మధ్య వదిలే సందు) తగ్గుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూసి సరిచేయాలి. ఎవరూ చూడలేదు, నేనూ అడగలేదు. మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ మీద రాకర్ కవర్ విప్పాం. ఈ ఇంజిన్‌కు ఇంటేక్ గ్యాప్ 18 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఉండాలి. మిగతా మూడూ దాదాపు అంతే ఉన్నాయి. మూడో దాంట్లో 4 థౌ ఫీలర్ (సందు కొలిచే పలచటి రేకు) కూడా దూరలేదు. ఇంజిన్ వేడెక్కాక ఆ కాస్త సందు కూడా పోయి వాల్వ్ పూర్తిగా మూసుకోవడం లేదు. లోపల అంటుకున్న మంట పూర్తిగా మూసుకోని ఆ వాల్వ్ పక్కనుంచి ఇంటేక్‌లోకి, అక్కడి నుంచి కార్బురేటర్‌లోకి వస్తోంది. నా మోకాలి పక్కన పేలింది అదే.

గ్యాప్ సరిచేశాక ఇంజిన్ బాగా వేడెక్కించి చూశాం. ముల్లు 19 దగ్గర ఆగిపోయింది. కంప్రెషన్ 105కి వచ్చింది. ఇంటేక్ వాల్వ్‌కు చల్లటి మిక్చర్ తగులుతుంటుంది కాబట్టి కాలిపోకుండా బతికింది. ఎగ్జాస్ట్ వాల్వ్ అయ్యుంటే మళ్లీ విప్పాల్సి వచ్చేదని మేస్త్రి అన్నారు. ఆయన డబ్బు తీసుకోలేదు, టీ మాత్రం తాగారు.

ఇంత సాయం చేసిన వస్తువు గురించి లోపాలు రాయడం కష్టంగానే ఉంది, కానీ రాయాలి. ముల్లు ‘ఒక సిలిండర్‌లో తేడా ఉంది’ అని చెప్పింది, అది మూడోదని చెప్పలేదు. ప్లగ్ మిస్ కొట్టినా ముల్లు ఇంచుమించు ఇలాగే పడుతుంది. కంప్రెషన్ గేజ్ లేకపోతే నేను ఇంకో సెట్ ప్లగ్గులు మార్చి ఉండేవాడిని. మొదట్లో ‘ఇదొక్కటి చాలు’ అన్నాను, ఆ మాట తప్పు.

దానితో వచ్చిన గొట్టం రెండో ఎండాకాలానికి పగిలింది. ఆ పగులులోంచే గాలి లాగి లేని లీకు చూపించింది, ఒక మధ్యాహ్నమంతా దాని వెనకే పోయింది. ఆటోనగర్‌లో మీటరు లెక్కన అమ్మే మందపాటి గొట్టం వేసుకున్నాక ఇబ్బంది లేదు. బ్యాక్‌ఫైర్ దెబ్బలకు ముల్లు సున్నాకు రాకుండా ఒకటి దగ్గర ఆగుతోంది, కాబట్టి ఇప్పుడు చదివిన అంకెలోంచి ఒకటి తీసేసుకుంటున్నాను. పేలుతున్న బండికి పెట్టేటప్పుడు గొట్టాన్ని మధ్యలో కాస్త నొక్కి పట్టుకుంటే ముల్లుకు దెబ్బ తగ్గుతుంది. నాకు ఇది ఆలస్యంగా తెలిసింది.

మా వీధిలో డీజిల్ టాటా 407 ఉన్న అన్న ఈ గేజ్ అరువు అడిగాడు. స్లో వణుకుతోందట. ఇచ్చినా ఉపయోగం లేదని చెప్పాల్సి వచ్చింది. ఆ ఇంజిన్‌లో గాలిని ఆపే థ్రాటిల్ లేదు, కాబట్టి చూడటానికి వ్యాక్యూమ్ ఉండదు. డీజిల్ లైన్‌లో గాలి, ఇంజెక్టర్లు చూపించుకోమన్నాను.

కాబట్టి నా మాట కార్బురేటర్ ఉన్న పెట్రోల్ బండ్లకే. అది కూడా స్పానర్ చేత్తో పట్టుకునే అలవాటు, సాయంత్రం పూట ఇంటి ముందు ఓపిగ్గా కూర్చునే తీరిక ఉన్నవాళ్లకే. నాకు రెండూ ఉన్నాయి, పైగా నాన్న తోలిన బండి. రోజూ బండి తిరిగితేనే గడిచేవాళ్లకు మంచి మేస్త్రి ఒకరు తెలిసి ఉండటమే ఎక్కువ మేలు చేయవచ్చు. ఈ గేజ్ పాడైతే మళ్లీ ఇదే కొంటాను. ఈలోపు కంప్రెషన్ గేజ్ మాత్రం సొంతంగా తీసుకోవాలి, ప్రతిసారీ మేస్త్రిని పిలవలేను కదా.