కృష్ణానగర్ హింస సామాను: ఏది ఎన్ని టేకులు ఆగుతుంది?

హైదరాబాద్‌లో యూసుఫ్‌గూడ వైపు నుంచి కృష్ణానగర్ సందుల్లోకి మళ్లితే షూటింగ్‌కు కావాల్సింది ఏదైనా అద్దెకు దొరుకుతుందని పేరు. లైటు, ట్రాలీ, ఖాకీ డ్రెస్సు, జూనియర్ ఆర్టిస్టు, అన్నీ నడిచిపోయే దూరంలోనే. ఈ సమీక్ష అందులో ఒక్క రకం సరుకు గురించే. క్రైం థ్రిల్లర్ తీసే షార్ట్ ఫిల్మ్, వెబ్ సిరీస్ యూనిట్లు తీసుకెళ్లే రక్తం, పగిలే సీసాలు, కత్తులు, డమ్మీ తుపాకులు. దుకాణాల పేర్లు రాయడం లేదు. సరుకు ఇంచుమించు అన్నిచోట్లా ఒకటే, దాన్ని ఎంచుకోవడంలోనే తేడా.

మార్కులు వేయడానికి కొలత ఒకటే: ఆ సరుకుతో ఎన్ని టేకులు చేయొచ్చు? అన్న ఒళ్లో తమ్ముడు ప్రాణం వదిలే సీను తీసుకోండి. ప్రేక్షకుడు గాయం చూసేది రెండు సెకన్లు, మిగతాదంతా అన్న మొహమే. ఆ మొహం మొదటి టేకులో దొరకడం అరుదు, మూడో టేకుకో నాలుగో టేకుకో పలుకుతుంది. మొదటి టేకుకే చొక్కా మొత్తం ఎర్రబడి, జుట్టు అట్టకట్టి, మార్చుకోవడానికి ఇంకో జత లేకపోతే, దర్శకుడు ఆ మొదటి మొహంతోనే సరిపెట్టుకుంటాడు. తెర మీద హింస ఉండి ఏడుపు రాకపోవడానికి రచన ఎంత కారణమో, కాస్ట్యూమర్ దగ్గర రెండో చొక్కా లేకపోవడమూ అంతే కారణం.

ముందు రక్తం సంగతి. సీసాల్లో రెడీగా అమ్మే రక్తం రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి పలచగా నీళ్లలా పారేది, రెండోది జిగురుగా మెల్లగా జారేది. కొనే ముందు జేబులోని తెల్ల కర్చీఫు మీద రెండు చుక్కలు వేయించండి, మీరు వాడబోయే లైటు కిందే ఫోన్‌తో ఫోటో తీయండి, పది నిమిషాలు ఆగి మళ్లీ తీయండి. మంచి రక్తమైతే పలచగా పరుచుకున్న చోట ఎరుపుగా, గుంటకట్టిన చోట నేరేడు రంగుకు దగ్గరగా కనిపిస్తుంది. చెడ్డదైతే అంతటా ఒకే ఎరుపు, పెయింటు పూసినట్టు. పలచటి రకంతో ఇంకో తంటా ఉంది. నూలు గుడ్డ మీద చుక్క చుట్టూ గులాబీ రంగు వలయం పాకుతుంది, ఎందుకంటే నీళ్లూ రంగూ పోగుల వెంట ముందు పరుగెత్తి, చిక్కటి పదార్థం వెనకబడుతుంది. క్లోజప్‌లో అది రక్తం కాదు, రూహ్ అఫ్జా.

"అన్నా, ఇది కడిగితే పోతదా?" అని అడిగితే ఏ కౌంటర్ దగ్గరైనా ఒకటే జవాబు: "ఎందుకు పోదు, సర్ఫ్‌ల నానబెట్టు." ఆ మాట నమ్మకండి. కడిగితే పోతుందన్న రకం కూడా లేత రంగు నూలు మీద లేత మరక వదులుతుంది. ముదురు రంగు, పాలిస్టర్ కలిసిన గుడ్డ అయితే చాలావరకు పోతుంది. ఏదేమైనా ఒకే రకం చొక్కాలు మూడు కొనాలి. ఇక్కడ పొదుపు చేసినవాళ్లు ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఆ మూల్యం కట్టుకుంటారు.

సీసా రక్తానికి పదికి ఐదు. దాని కంటే ఇంట్లో కాచుకున్నది నయం, పైగా నోట్లో పెట్టుకోవచ్చు. బేకరీ సామాన్లు అమ్మే చోట లిక్విడ్ గ్లూకోజ్ దొరుకుతుంది. పావుకిలో గ్లూకోజ్‌కు 60 మిల్లీలీటర్ల వేడినీళ్లు. ఆ నీళ్లలోనే ఒక చెంచా కోకో పొడి ఉండలు లేకుండా కలిపి, అర చెంచా ఎరుపు ఫుడ్ కలర్ వేసి, తర్వాత గ్లూకోజ్ కలపాలి. చివర్లో పంటిపుల్ల కొనతో నీలం రంగు, అంతే. నీలం ఎక్కువైతే వంకాయ, కోకో ఎక్కువైతే చాక్లెట్. కోకో పని రంగు మార్చడం ఒక్కటే కాదు, వెలుతురు ఆరపార పోకుండా ఆపుతుంది, రక్తానికి ఒంటి బరువు ఇస్తుంది. ఎండాకాలం ఔట్‌డోర్ అయితే నీళ్లు 40 మిల్లీలీటర్లకు తగ్గించండి, లేకపోతే నుదుటి గాయం క్షణాల్లో గడ్డం దాటి కారిపోతుంది. బట్టల మీదకు వాడేదానిలో నాలుగు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపితే మరక తేలిగ్గా వదులుతుంది. ఆ సీసా మీద "బట్ట" అని, సబ్బు కలపని సీసా మీద "నోరు" అని పెద్దక్షరాలతో రాయండి. రెండూ ఒకే రంగులో ఉంటాయి, రాత్రి రెండింటికి అసిస్టెంట్ కళ్లు కూడా ఒకే రంగులో ఉంటాయి.

దీని లోపం తీపి. చీమలూ ఈగలూ శవాన్ని వెతుక్కుంటూ వస్తాయి, శవం ముక్కు ఎగబీలుస్తుంది, టేకు పోతుంది. కాబట్టి ఎక్కువసేపు పడుకుని ఉండే మనిషికి గ్లూకోజ్ వద్దు. పెట్రోలియం జెల్లీలో ఎరుపు, కోకో కలిపి గడ్డకట్టిన రక్తంలా పూస్తే గంటలకొద్దీ కదలదు. చర్మం మీద ఎరుపు పట్టకుండా మేకప్‌కు ముందే పలచగా కొబ్బరినూనె రాయాలి. అయినా మిగిలిన మరక షేవింగ్ క్రీమ్‌కు లొంగుతుంది. కుంకుమ, హోలీ రంగులు మాత్రం కంటి దగ్గరికి రానివ్వకండి. పసుపూ సున్నం కలిపిన దిష్టినీళ్ల చిట్కా ఇప్పటికీ కొందరు చెబుతారు. సున్నం కంటికి ప్రమాదం, పైగా నిమ్మరసం తగిలితే ఆ రక్తం మళ్లీ పసుపైపోతుంది.

లైటు మాట ఒకటి. నీలి రంగు రాత్రి లైటింగ్‌లో ఎరుపు నల్లగా కనిపిస్తుంది. ఆ సీనుకు కోకో సగానికి తగ్గించి ఎరుపు పెంచాలి. పగటి సీనుకు కలిపిన సీసానే రాత్రికి వాడితే తారు పూసినట్టుంటుంది.

ఎంత వాడాలి? మనిషి ఒంట్లో ఉండేదే సుమారు ఐదు లీటర్లు. కొన్ని సీన్లు చూస్తే ఒక్కో విలన్ ఒంట్లో వాటర్ ట్యాంకర్ ఉందనిపిస్తుంది. ఇరవై మందిని నరికే చోట అది చెల్లుతుందేమో, మనకు తెలిసిన మనిషికి దెబ్బ తగిలే చోట చెల్లదు. ఉదాహరణకు, కత్తిపోటు తిన్నవాడు ఇంటికొచ్చి చెల్లెలి ఎదుట నిలబడ్డాడనుకోండి. చొక్కా లోపల, పక్కటెముకల కింద, 20 మిల్లీలీటర్ల రక్తం పీల్చిన చిన్న స్పాంజి టేపుతో అంటించి ఉంటుంది. దాని మీద అరచేయి ఆనించి "ఏం లేదు లేమ్మా, అన్నం పెట్టు" అంటాడు. చేయి కొంచెం నొక్కగానే వేళ్ల సందుల్లోంచి ఎరుపు. చెల్లి కంచం తేవడానికి తిరిగింది, చూడలేదు, మనం చూశాం. మొత్తం ఖర్చు నాలుగు చెంచాల రక్తం. స్పాంజిని మరీ తడపకండి, కూర్చోగానే ప్యాంటు దాకా కారుతుంది. మరీ పొడిగా ఉంటే నటుడు గట్టిగా నొక్కాల్సి వస్తుంది, అప్పుడతని ధ్యాస చెల్లెలి మీద ఉండదు, పక్కటెముకల మీద ఉంటుంది.

కంటిన్యుటీకి, అంటే షాటుకూ షాటుకూ మరక మారకుండా ఉండటానికి, బటర్ పేపర్ మంచి చిట్కా. మొదటి చొక్కా మీద మరక ఆకారాన్ని బటర్ పేపర్ మీద గీసి కత్తిరించి, మిగతా రెండు చొక్కాల మీద అదే చోట పెట్టి అద్దుకోవాలి. కథలో గంట గడిచిందంటే అంచులకు కోకో ఎక్కువున్న రెండో మిశ్రమం పూయాలి, ఆరిన రక్తం గోధుమ రంగుకు తిరుగుతుంది కాబట్టి. థియేటర్‌కు వెళ్లే సినిమా అయితే ఇంకో లెక్క. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం తర్వాత యూఏ సర్టిఫికెట్, అంటే పిల్లలు పెద్దల తోడుతో చూడాల్సిన సినిమాలకు ఇచ్చేది, 7+, 13+, 16+ అని వయసును బట్టి మూడుగా విడిపోయింది. గాయాన్ని చూపించే షాటు, మొహం మాత్రమే ఉండే షాటు రెండూ తీసి పెట్టుకుంటే సెన్సార్ దగ్గర కత్తెర పడినా సీను చావదు.

తర్వాత పగిలే సీసాలు. రెజిన్‌తో పోసినవి తేలిగ్గా ఉంటాయి, పొడి చప్పుడుతో పగులుతాయి, అద్దె కాదు, ఒక్కసారికే కొనాలి. చక్కెరతో ఇంట్లో చేసుకోవచ్చు: 400 గ్రాముల చక్కెర, 150 గ్రాముల లిక్విడ్ గ్లూకోజ్, 200 మిల్లీలీటర్ల నీళ్లు. ఉండపాకం దాటి, 150 డిగ్రీల దగ్గర, చన్నీళ్లలో చుక్క వేస్తే టక్కున విరిగే పాకం రావాలి. వెంటనే నూనె రాసిన అచ్చులో పోయాలి. ఇంకాస్త మాడి గోధుమ రంగొస్తే బాధపడకండి, బీరు సీసాకు అదే రంగు. హైదరాబాద్‌లో వేసవిలో ఇది బాగానే నిలుస్తుంది. వానాకాలంలో మాత్రం తేమ పీల్చి చెమట పట్టినట్టు మెత్తబడుతుంది, కొడితే పగలకుండా వంగుతుంది. జూలైలో షూటింగ్ పెట్టుకుని చక్కెర సీసాలు ముందు రోజే పోసిపెట్టడం దండగ.

ఏ రకమైనా ముక్కలు గీరుకుంటాయి. కొట్టాల్సింది సీసా పొట్టభాగంతో, భుజం వెనక వెడల్పు మీద. అడుగుభాగం మందంగా ఉంటుంది, దాంతో కొడితే నిజంగానే తగులుతుంది. ఇంకో సంగతి, కోపంతో గట్టిగా పట్టుకుంటే చేతిలోనే చిట్లుతుంది. అందుకే నటుడు టేబుల్ మీంచి అసలు సీసా అందుకునే షాటు వేరు, దొంగ సీసాతో కొట్టే షాటు వేరు. రెండూ ఒకే టేబుల్ మీద ఎప్పుడూ ఉండకూడదు. అసలుదాని అడుగున ఎర్ర టేపు వేసి, ఆ షాటు కాగానే గది బయటికి పంపేయాలి. సీసాలకు పదికి ఏడు, వానాకాలంలో నాలుగు.

కత్తుల్లో మోసం బరువు దగ్గర జరుగుతుంది. అద్దెకిచ్చే వేటకొడవళ్లు చాలావరకు చెక్కో, ఫైబరో, పైన వెండి రంగు. చూడ్డానికి బాగుంటాయి, ఎత్తితే ఈకలా లేస్తాయి. అసలు కొడవలి ఎత్తినవాడి మోచేయి ముందు వెళ్లి మొన వెనక వస్తుంది. ఈ ఈక కొడవలి ఎత్తితే రెండూ ఒకేసారి లేస్తాయి. ప్రేక్షకుడికి కారణం తెలియదు, భయం మాత్రం వేయదు. పిడికి లోపల ఇనుప ముక్క దూర్చిన రకం ఉందేమో అడగండి, లేకపోతే పిడి చుట్టూ సీసపు తీగ చుట్టి పైన నల్ల గుడ్డ కట్టుకోండి. బరువు పిడిలోనే ఉండాలి. మొనవైపు పెడితే ఎదుటివాడి పళ్లు రాలతాయి.

పొడిచే కత్తికి జత తీసుకోవాలి: మొహం దగ్గర పెట్టి చూపించడానికి మొద్దుబారిన లోహపు కత్తి, పొడవడానికి రబ్బరుది. రబ్బరు మొన వంగుతుంది, ఆ వంపు కెమెరాకు దొరకకుండా పొడిచే చేయి కెమెరా వైపు అడ్డం రావాలి. రంగు పెచ్చులూడిన రబ్బరు కత్తి తీసుకోవద్దు, లైటు పడగానే లోపలి నలుపు కనిపిస్తుంది. మామూలు వస్తువులైతే అద్దె కూడా అక్కర్లేదు. 1989లో 'శివ' వచ్చినప్పుడు జనం గుర్తుపెట్టుకున్నది ఒక సైకిల్ చైను. ప్రతి ఇంట్లో ఉన్న వస్తువు దెబ్బ ఎంత నొప్పో ఒంటికి తెలుసు, మెషిన్ గన్ దెబ్బ ఎవరికి తెలుసు? ఎముక విరిగిన చప్పుడుకు కూడా మార్కెట్‌లోనే మందుంది. మైకు దగ్గర లేత ములక్కాడ విరవండి.

డమ్మీ తుపాకుల మీద ఎక్కువ రాయక్కర్లేదు. పేల్చేది ఏదీ, బ్లాంకు (తూటా లేకుండా మందు మాత్రమే పేలేది) అయినా సరే, చిన్న యూనిట్ ముట్టుకోవద్దు. 1993లో హాలీవుడ్ నటుడు బ్రాండన్ లీ ప్రాణం పోయింది బ్లాంకుతోనే. గొట్టంలో ముందే ఇరుక్కుపోయిన తూటా ముక్కను ఆ బ్లాంకు బయటికి తోసింది. ప్లాస్టిక్‌దో, లోహపు డమ్మీయో తీసుకుని మంట ఎడిటింగ్‌లో వేసుకోండి, మణికట్టు వెనక్కి తన్నుకోవడం నటుడికి నేర్పండి. రోడ్డు మీద తీసేటట్లయితే పోలీసుల అనుమతి ముందే తెచ్చుకుని స్థానిక స్టేషన్‌లో చెప్పి ఉంచాలి, లేదంటే ఎవరో పోలీసులకు ఫోన్ చేస్తారు, వాళ్లు చేసేది తప్పు కూడా కాదు.

తూటా తగిలిన చోటుకు పేలుడు మందు వద్దు, గాలం తాడు చాలు. పలచటి ప్లాస్టిక్ సంచిలో 30 మిల్లీలీటర్ల రక్తం, దాని మీద గుండీ అంటించి, గుండీకి తాడు. చొక్కాను లోపలివైపు నుంచి గరుకు కాగితంతో రుద్ది పోగులు పలచబరిచి, చిన్న చీలిక చేసి తాడు బయటికి తీయాలి. ఫ్రేము బయట ఉన్నవాడు నేరుగా ముందుకు లాగితే సంచీ, చొక్కా ఒకేసారి చిరుగుతాయి. పక్కకు లాగితే చొక్కా మాత్రమే సాగి నవ్వు తెప్పిస్తుంది.

సర్వీసు మాట కొస్తే, మనుషులు మంచివాళ్లే, రసీదే బలహీనం. "రోజు అద్దె" అంటే ఎన్ని గంటలో, రాత్రి షూటింగ్ రెండు రోజుల కింద లెక్కేస్తారో లేదో ముందే కాగితం మీద రాయించండి. తీసుకునేటప్పుడే ప్రతి కత్తి రెండు వైపులా ఫోటో తీసి, దుకాణం వాళ్లకు వాట్సాప్ చేయండి. పాత గీతలకు మీ డిపాజిట్ కోసుకోవడం ఈ వ్యాపారంలో మామూలే. రక్తం అంటిన సామాను కడగకుండా తిరిగిస్తే మాత్రం గొడవ మీ వల్లే.

ఒక రాత్రి, ఒక చావు ఉన్న సీనుకు తీసుకెళ్లాల్సింది: నోటి రక్తం 100 మిల్లీలీటర్లు, బట్ట రక్తం 300, గడ్డకట్టింది చిన్న డబ్బా, ఒకే రకం చొక్కాలు మూడు, బటర్ పేపర్, స్పాంజి ముక్కలు ఆరు, తడి తువాళ్లు నాలుగు, కత్తుల జత. చీమల మందు సుద్దముక్క కూడా ఒకటి పెట్టుకోండి. శవం పడుకునే చోటుకు మూరెడు దూరంలో చుట్టూ గీత గీయాలి, ఆ గీత ఎందుకో శవానికి ముందే చెప్పాలి.