చార్టులు బాగా వేస్తారు, టేపు మాత్రం వెంట తీసుకెళ్లండి

సర్వే డిపార్ట్‌మెంట్‌లో 31 ఏళ్లు గొలుసు లాగి రిటైరయ్యాను. మా ఊరి హైస్కూల్లో రోమన్లు భూములెట్లా కొలిచారో పిల్లలకు చెప్పమన్నారు. అందుకని మూడు చార్టులు ప్రింట్ చేయించడానికి హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక షాపుకు వెళ్లాను. షాపు పేరు రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మొదటిది తిమ్‌గాడ్ ప్లాను. ఇప్పటి అల్జీరియాలో, క్రీ.శ. 100 ప్రాంతంలో ట్రాజన్ చక్రవర్తి రిటైరైన సైనికుల కోసం వేయించిన ఊరు. కంప్యూటర్ ముందున్న పిల్లగాడు ఫైల్ తెరిచి "ఏ వెంచర్ సార్ ఇది? అప్రూవల్ వచ్చిందా?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, అడగడంలో తప్పేముంది? గళ్లు గళ్లుగా ప్లాట్లు, నిలువూ అడ్డం రోడ్లు. "వెంచరే తమ్మీ, అప్రూవల్ చక్రవర్తిది" అన్నాను.

ఆ ఊరు ఒక్కో వైపు దాదాపు 355 మీటర్లు, నలుచదరం. ప్రింట్‌లో వెడల్పు అంగుళంన్నర ఎక్కువొచ్చింది. బోర్డు నిండాలని సాగదీశాడట. టేపు తీసి చూపిస్తే "ఎవరు కొలుస్తరు సార్" అన్నాడు. సర్వేయర్‌తో అనే మాటేనా అది! ఓనర్ మాత్రం మారుమాట్లాడకుండా మళ్లీ వేయించాడు, పైసా అడగలేదు.

రెండో చార్టుకు వంక పెట్టడానికి లేదు. ఫ్రాన్స్‌లోని ఒరాంజ్‌లో దొరికిన పాలరాతి పలకలు అవి, చాలా ముక్కలు 1949లో బయటపడ్డాయి. రాతి మీద గళ్లు చెక్కారు. ఒక్కో గడి పొలంలో 710 మీటర్ల చదరం, అంటే 125 ఎకరాల దాకా. గడిలో మాజీ సైనికులకు ఇచ్చిందెంత, కౌలుకిచ్చిన సర్కారు భూమి ఎంత, అక్కడి ట్రికాస్తినీ జనానికి తిరిగిచ్చిందెంత, అన్నీ రాశారు. అచ్చం మన పహాణీ. మంచి భూములు సైనికులకు పోయి, ఆ జనానికి ఎక్కువగా నాసి నేలలే మిగిలాయి. సర్కారు భూముల ఆక్రమణలు తేల్చమని క్రీ.శ. 77లో వెస్పాసియన్ చక్రవర్తి ఇచ్చిన ఆర్డరు కూడా రాతి మీదే ఉంది. అది చదువుతుంటే నా పాత ఫైళ్లు గుర్తొచ్చాయి. ప్రింట్‌లో ఇంత సన్న అక్షరాలు కూడా ఎక్కడా అలుక్కుపోలేదు.

మూడోదానిలో రంగు చెడింది. ఇంగ్లండ్‌లోని కోల్చెస్టర్‌లో క్రీ.శ. 49లో మాజీ సైనికులను దింపారు. పదేళ్లు దాటీ దాటగానే, రోమన్ల మీద తిరగబడ్డ బౌడికా రాణి జనం ఆ ఊరిని తగలబెట్టారు. ఇప్పటికీ అక్కడ తవ్వితే కాలిన ఎర్రమట్టి పొర తగులుతుంది. ఫొటోలో అది మన చెల్క నేల రంగు. ప్రింట్‌లో బీట్‌రూట్ రంగొచ్చింది. అప్పటికే పొద్దుపోయింది, అలాగే తెచ్చుకున్నాను.

మూడింటికీ 900 తీసుకున్నారు, ఎక్కువేం కాదు. బండి పెట్టడానికి జాగ లేదు, పొద్దున పది లోపు వెళ్లండి. ఐదుకు మూడున్నర స్టార్లు.