నాగియోస్‌ను కమాండ్ లైన్ నుంచే నడపండి: చాలా ఏళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

మా నెట్‌వర్క్ మీద నిఘాకు చాలా ఏళ్లుగా నాగియోస్ కోర్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. నల్గొండ నుంచి తిప్పర్తి, మిర్యాలగూడ, దామరచర్ల మీదుగా వాడపల్లి దాకా అద్దంకి రోడ్డు వెంట సాగే ఫైబర్ లైను, దాని మీద ఆధారపడ్డ స్విచ్‌లు, ఓఎల్‌టీలు (కస్టమర్ల ఫైబర్లు వచ్చి కలిసే పెట్టెలు), టవర్ల మీది రేడియోలు మా బాధ్యత. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. నాగియోస్‌లో చూడటానికి వెబ్ పేజీ చాలు, నడపడానికి మాత్రం ఆదేశాలు టైపు చేసే కమాండ్ లైనే కావాలి. దాని అసలు సత్తా అక్కడే ఉంది.

ఈతన్ గాల్‌స్టాడ్ 1999లో నెట్‌సెయింట్ పేరుతో దీన్ని విడుదల చేశారు. 2002లో నాగియోస్ అయింది. ఆ వయసు వెబ్ పేజీలో స్పష్టంగా కనిపిస్తుంది. మామూలుగా స్థితి పేజీ 90 సెకన్లకు ఒకసారి తనను తాను తాజా చేసుకుంటుంది. ఒక స్విచ్‌కు డౌన్‌టైమ్, అంటే హెచ్చరికలు రాకుండా ఆపే గడువు, పెట్టాలంటే పేజీ వెనుక పేజీ తెరవాలి. ఆఫీసులో పెద్ద తెర ముందు కూర్చున్నవారికి అది ఇబ్బంది కాకపోవచ్చు. దామరచర్ల అవతల స్తంభం కింద నిలబడి, అరకొర సిగ్నల్ ఉన్న ఫోనులో అదే పని చేయాల్సి వస్తే ఓపిక నశిస్తుంది. అక్కడ ఎస్ఎస్‌హెచ్, అంటే దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లి ఆదేశాలిచ్చే పద్ధతి, మాత్రం పనిచేస్తుంది. పంపేది నాలుగు అక్షరాలు, వచ్చేది నాలుగు వరుసలు.

నాగియోస్‌కు బయటి నుంచి ఆదేశాలు వెళ్లే దారి ఒక నేమ్డ్ పైప్, అంటే ఒక ప్రోగ్రాం రాసింది ఇంకొకటి చదువుకునే ప్రత్యేక ఫైలు. సోర్స్ నుంచి ఇన్‌స్టాల్ చేసుకుంటే అది వార్ ఫోల్డర్‌లో ఆర్‌డబ్ల్యూ కింద నాగియోస్ డాట్ సీఎండీ అనే పేరుతో ఉంటుంది. మీరు ఒక వరుస రాసి అందులోకి పంపితే నాగియోస్ చదువుకుంటుంది. ఆ వరుసలో ముందుగా చదరపు బ్రాకెట్ల మధ్య ఇప్పటి సమయం ఉండాలి. తర్వాత ఒక ఖాళీ, ఆదేశం పేరు, ఆపై సెమీకోలన్లతో విడదీసిన వివరాలు. సమయాన్ని 1970 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్లలో ఇవ్వాలి కాబట్టి చేత్తో రాసే ప్రయత్నం చేయకండి, డేట్ కమాండ్ ఆ అంకెను క్షణంలో ఇస్తుంది. వెబ్ పేజీలోని బటన్లు కూడా చివరికి ఈ పైప్‌లోకే రాస్తాయి. అంటే కమాండ్ లైన్ వాడేవారు పక్కదారి పట్టినట్టు కాదు, మధ్యలో ఉన్న పేజీని తీసేసినట్టు.

నేను అన్నిటికంటే ఎక్కువగా వాడేది డౌన్‌టైమ్ ఆదేశం. 'షెడ్యూల్ హోస్ట్ డౌన్‌టైమ్' అని రాసి పరికరం పేరు, మొదలయ్యే సమయం, ముగిసే సమయం ఇచ్చాక ఒక చిన్న అంకె ఉంటుంది, 1 లేదా 0. నాగియోస్ వాడే చాలామంది దాన్ని ఎప్పుడూ 1గానే వదిలేస్తారు. మా ప్రాంతానికి పనికొచ్చేది 0. ఎందుకంటే ఇక్కడ కరెంటు పనులు గడియారం చూసుకుని మొదలుకావు. సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ దొరికినప్పుడే స్తంభం ఎక్కుతారు. 'పదకొండు నుంచి రెండు మధ్య ఎప్పుడో ఒక గంట తీస్తారట అన్నా' అని తిప్పర్తి నుంచి ఫైబర్ అతికే మా స్ప్లైసర్ ఫోన్ చేస్తాడు. అంకె 1 పెడితే మూడు గంటలూ, అంటే 10,800 సెకన్లూ, ఆ స్విచ్ గురించి నాగియోస్ నోరు మూసుకుంటుంది. ఈలోగా నిజంగానే ఫైబర్ తెగినా మాకు తెలియదు. 0 పెట్టి, వ్యవధిగా 3,600 ఇస్తే ఆ మూడు గంటల్లో స్విచ్ ఎప్పుడు పడిపోతే అప్పటి నుంచే గంట లెక్క మొదలవుతుంది. గంట దాటినా లేవకపోతే హెచ్చరిక వస్తుంది. కరెంటు వచ్చాక కూడా యూపీఎస్ లేవక నిలిచిపోయిన పరికరాలను మేము పట్టుకున్నది ఎక్కువగా ఇలాగే. ఈ ఒక్క అంకె కోసమైనా నాగియోస్‌ను మెచ్చుకుంటాను.

దీనికి తోడుగా పేరెంట్స్ అమరిక తప్పనిసరి. మిర్యాలగూడ స్విచ్‌కు తిప్పర్తి స్విచ్ పేరెంట్ అని, దామరచర్లకు మిర్యాలగూడ పేరెంట్ అని ఫైళ్లలో రాసుకోవాలి. అప్పుడు తిప్పర్తి దగ్గర జేసీబీ పార తగిలి ఫైబర్ తెగితే, అవతల ఉన్నవాటిని నాగియోస్ 'డౌన్' అనదు, 'అన్‌రీచబుల్' అంటుంది. నోటిఫికేషన్ ఐచ్ఛికాల్లోంచి 'యూ' అక్షరం తీసేస్తే వాటి హెచ్చరికలు రావు. ఫోనులో సందేశాల వరద రాదు, తెగిన చోటు గురించి మాత్రమే వస్తుంది. రాత్రి పూట మనిషిని బండి మీద పంపేటప్పుడు ఎటు పంపాలో ఆ ఒక్క సందేశం చెబుతుంది.

బియ్యం మిల్లులకు పేరుపడ్డ మిర్యాలగూడలో ధాన్యం వచ్చే రోజుల్లో మా ఫోన్లు ఆగవు. మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, కాటా దగ్గరి కంప్యూటర్‌కు నెట్ లేకపోతే వరుస కదలదు. అలాంటప్పుడు సమస్యను ఎవరు చూస్తున్నారో అందరికీ తెలియాలి. అందుకు అక్నాలెడ్జ్ ఆదేశం ఉంది. అందులో స్టిక్కీ అనే వివరానికి 2 ఇస్తే, పరికరం పూర్తిగా లేచేదాకా ఆ గుర్తు చెరగదు. స్తంభం దగ్గరికి చేరిన మనిషి తన ఫోను నుంచే ఆ వరుస పంపుతాడు, ఆఫీసులో ఉన్నవారికి వెంటనే కనిపిస్తుంది.

ఇక లోపాలు. అన్నిటికంటే పెద్దది, పైప్ జవాబు చెప్పదు. పరికరం పేరులో ఒక్క అక్షరం పెద్దది చిన్నదైనా ఆదేశం పనిచేయదు, కానీ పంపినవారికి ఆ సంగతి తెలియదు. అందుకే ఆదేశం పంపిన ప్రతిసారీ నాగియోస్ లాగ్ చివరి వరుసలు చూడటం మా దగ్గర నియమం. అందులో 'ఎక్స్‌టర్నల్ కమాండ్' అని మీ వరుస కనిపించాలి, దాని వెనుకే డౌన్‌టైమ్ మొదలైనట్టో, హెచ్చరిక మారినట్టో ఇంకో వరుస రావాలి. రెండోది రాకపోతే పేరు సరిచూసుకోవాలి.

ఇంతకంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది. నాగియోస్ ఆగిపోయి, పైప్ మాత్రం మిగిలి ఉంటే మీ కమాండ్ అక్కడే కదలకుండా కూర్చుంటుంది, ఎందుకంటే చదివేవారు లేరు. పైప్ కూడా లేకపోతే షెల్ (మీ ఆదేశాలను నడిపే ప్రోగ్రాం) అదే పేరుతో మామూలు ఫైలును సృష్టిస్తుంది. మీ కమాండ్ హాయిగా ముగుస్తుంది. ఆ తర్వాత నాగియోస్‌ను ప్రారంభించబోతే, ఆ పేరుతో ఫైలు ముందే ఉందని మొరాయిస్తుంది. ఆ ఫైలును తొలగించేదాకా పైకి లేవదు. కొత్తగా చేరినవారికి నేను మొట్టమొదట చెప్పేది ఇదే: రాసేముందు అది నిజంగా పైప్ అవునా కాదా అని పరీక్షించండి, షెల్‌లో మైనస్ పీ పరీక్ష ఉన్నది అందుకే.

అనుమతుల సంగతి కూడా ఆలోచించాలి. పైప్‌లోకి రాయగలిగే గ్రూపులో ఉన్న ప్రతివారూ ఏ ఆదేశమైనా ఇవ్వగలరు, మొత్తం నోటిఫికేషన్లు ఆపేసే ఆదేశంతో సహా. రాసినవారి పేరు అన్న చోట ఏ పేరు పెట్టినా నాగియోస్ అడగదు. అందుకని మేము పైప్‌ను నేరుగా ముట్టుకోనివ్వం. ఒక చిన్న షెల్ స్క్రిప్టు ఉంది. అది లాగిన్ పేరును తానే నింపుతుంది, పరికరం పేరు నాగియోస్ తన పరికరాల వివరాలు దాచుకునే ఆబ్జెక్ట్స్ డాట్ క్యాష్ ఫైలులో ఉందో లేదో వెతుకుతుంది, పైప్ పరీక్ష చేస్తుంది, ఆ తర్వాతే వరుసను పంపుతుంది. నాగియోస్ వాడాలనుకునే ప్రతి చిన్న సంస్థా మొదటి వారంలోనే ఇలాంటిది రాసుకోవాలి. ఈ పని నాగియోస్‌లోనే ఉండి ఉండాల్సింది, ఇన్నేళ్లయినా లేకపోవడం నాకు అసంతృప్తే.

కాన్ఫిగరేషన్ మొత్తం మామూలు టెక్స్ట్ ఫైళ్లలో ఉండటం నాకు ఎంతో నచ్చిన విషయం. మిర్యాలగూడ వైపు ఐపీ అడ్రసులన్నీ మార్చాల్సి వచ్చినప్పుడు టెక్స్ట్‌ను మార్చే సెడ్ కమాండ్ ఒక్క వరుసతో పని అయిపోయింది. ఫైళ్లు మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఉంటాయి కాబట్టి ఎవరు ఎప్పుడు ఏం మార్చారో కనిపిస్తుంది. మార్చాక మైనస్ వీతో నాగియోస్‌ను పిలిస్తే అన్ని ఫైళ్లనూ చదివి, లేని పేరెంట్‌ను, రెండుసార్లు రాసిన పేరును, మరిచిపోయిన బ్రాకెట్‌ను వరుస సంఖ్యతో సహా చూపిస్తుంది. చివర్లో హెచ్చరికలు 0, తప్పులు 0 అని వస్తేనే రీలోడ్. అయితే తప్పు ఐపీ ఇస్తే మైనస్ వీ పట్టుకోలేదు, దానికి అది చెల్లుబాటు అయ్యే అడ్రసే. ఆ పరీక్షను, పరికరం జవాబిస్తోందా అని చూసే చెక్ పింగ్ ప్లగిన్‌ను చేత్తో నడిపి చేసుకోవాలి.

పింగ్ అన్నాను కాబట్టి, నమూనా ఫైళ్లలోని హద్దులను అలాగే ఉంచుకోవద్దు. పరికరం బతికి ఉందా అని చూసే నమూనా ఆదేశంలో క్రిటికల్ హద్దు 5,000 మిల్లీసెకన్లు, 100 శాతం ప్యాకెట్ల నష్టం. మా ఫైబర్ మీద సగం ప్యాకెట్లు పోతే మిల్లువాళ్లు అప్పటికే ఫోన్ చేసి ఉంటారు. లింకుల కోసం విడిగా ఒక సర్వీసు పెట్టి, 100 మిల్లీసెకన్లు, 20 శాతం దగ్గరే హెచ్చరిక వచ్చేలా పెట్టుకున్నాం.

కరెంటు గురించి ఇంకో మాట. డౌన్‌టైమ్‌లు, అక్నాలెడ్జ్‌లు అన్నీ నాగియోస్ రిటెన్షన్ ఫైలులో దాచుకుంటుంది, కానీ మామూలుగా 60 నిమిషాలకు ఒకసారే రాస్తుంది. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారానికి సర్వర్ ఉన్నట్టుండి ఆగిపోతే ఆ గంటలో పెట్టినవన్నీ పోతాయి. మేము దాన్ని 5 నిమిషాలకు తగ్గించాం. మబ్బు పట్టినప్పుడు పైప్‌లోకి 'సేవ్ స్టేట్ ఇన్ఫర్మేషన్' అన్న ఆదేశం పంపితే అప్పటికప్పుడే రాసేస్తుంది.

గ్రాఫులు కావాలనుకునేవారికి నాగియోస్ కోర్ ఒక్కటే చాలదు, ట్రాఫిక్ చూడటానికి వేరే సాధనం పక్కన పెట్టుకోవాలి. ఇలాంటిదే ఇంకో నిఘా సాధనమైన జాబిక్స్‌లో గ్రాఫులు లోపలే ఉన్నాయి, దానికీ కమాండ్ లైన్ సాధనాలున్నాయి, కానీ కాన్ఫిగరేషన్ డేటాబేస్‌లో ఉంటుంది, నాకు కావలసిన టెక్స్ట్ ఫైళ్లు అక్కడ లేవు. నాగియోస్ నుంచే 2009లో చీలి వచ్చిన ఐసింగా కూడా చూడదగ్గదే. కొన్ని వందల పరికరాలు, ఇద్దరు ముగ్గురు మనుషులు ఉన్న మాలాంటి సంస్థకు మాత్రం నాగియోస్‌నే చెబుతాను. పాత సర్వర్‌ను పక్కన పెట్టినప్పుడు మేము చేసిందల్లా అదే వెర్షన్ నాగియోస్‌ను, ప్లగిన్లను కొత్త యంత్రంలో పెట్టి, కాన్ఫిగరేషన్ ఫోల్డర్‌నూ రిటెన్షన్ ఫైలునూ కాపీ చేసి, మైనస్ వీతో సరిచూసి ప్రారంభించడమే. వాడపల్లి రేడియోకు పెట్టిన డౌన్‌టైమ్ కూడా రాసినవారి పేరుతో, కారణంతో సహా కొత్త యంత్రంలో అలాగే కనిపించింది.