మా హాల్లో పిరనేసి: తొమ్మిదేళ్ల అనుభవం

తొమ్మిదేళ్ల కిందట రోమ్‌లో, పాత ముద్రణలు అమ్మే ఒక కొట్టులో 18వ శతాబ్దపు ఇటలీ కళాకారుడు జొవాన్ని బత్తీస్తా పిరనేసి ఎచింగ్ (రాగి పలక మీద ఆమ్లంతో గీతలు తినిపించి వేసిన అచ్చు) ఒకటి కొన్నాను. రోమన్ చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ విజయతోరణం బొమ్మ. అప్పటి నుంచి విశాఖలో మా హాలు గోడ మీదే ఉంది.

ముందు నా ఏడుపు చెప్పేస్తాను. పిరనేసి బతికుండగా వేసిన అచ్చు అని అమ్మారు. కాదు. ఆయన వాడిన కాగితాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే జల్లెడ గీతలు, అంటే కాగితం తయారుచేసిన అచ్చు తీగల గుర్తులు, కనిపిస్తాయి. నా దాంట్లో లేవు. 1778లో ఆయన పోయాక, కొడుకు ఫ్రాన్చెస్కో రాగి పలకల్ని పారిస్ పట్టుకెళ్లాడు. అక్కడ 1830ల్లో కూడా అచ్చులు వేశారు. నాది ఆ బాపతేనని నా అనుమానం. పలక అరిగిపోయి, ఆకాశంలో సన్న గీతలు అక్కడక్కడా ఎగిరిపోయాయి. పోసిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

అయినా అమ్మబుద్ధి కాలేదు. ఆ నలుపు అలాంటిది. రాగి పలకకి మైనం పూత వేసి, సూదితో గీసి, ఆమ్లంలో ముంచితే గీసిన చోటే రాగిని తింటుంది. పలచగా ఉండాల్సిన గీతల్ని కాసేపటికే వార్నిష్‌తో కప్పేసి, మిగతావాటిని మళ్లీ ముంచుతారు. ఎంతసేపు నానితే అంత లోతు, అంత సిరా. భూతద్దం పెట్టి చూస్తే ముందున్న రాళ్ల నీడల్లో సిరా కాగితం మీద గట్టులా లేచి ఉంటుంది. అంతకుముందు అదే చోట పోస్టర్ ఉండేది. అందులో నలుపంటే ఒట్టి నలుపే.

తోరణం కింది భాగమంతా మట్టిలో కూరుకుపోయి ఉంటుంది. "గోదారి వరదకి మేట వేసినట్టుందిరా" అంది మా అమ్మ. అప్పట్లో ఆ తోరణం ఉన్న ఫోరమ్ (పాత రోమ్ నగర కూడలి) పశువులు మేసే బీడు. తోరణం చుట్టూ మట్టి తవ్వింది 19వ శతాబ్దం మొదట్లో. కొలతలు మాత్రం నమ్మొద్దు. మనుషుల్ని చీమల్లా గీసి కట్టడాలని పెంచేయడం ఆయనకి అలవాటు.

ఫ్రేమ్ కట్టినాయన బొమ్మని మామూలు అట్టకి జిగురుతో అంటించాడు. మూడో వానాకాలానికి గోధుమరంగు మచ్చలొచ్చాయి. విడదీయించి, ఆమ్లం లేని అట్ట వేయించి, అద్దానికి తగలకుండా మళ్లీ కట్టించాను. మచ్చలు పూర్తిగా పోలేదు.

కొనేవాళ్లు ఫ్రేమ్‌లోంచి బయటికి తీయించి, కాగితం వెనక వైపు కూడా చూడండి. తీయనంటే లేచి వచ్చేయండి.