వెనిస్‌లో కొత్త జంటకు వాపొరెట్టో పాస్: ఎన్ని గంటలది కొనాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి

వెనిస్‌లో రోడ్డు పియాజ్జాలే రోమా దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి కాలినడకన పోవాలి, లేదంటే నీటి మీద తిరిగే బస్సెక్కాలి. ఆ బస్సే వాపొరెట్టో. పెళ్లయిన కొత్తలో రెండు రాత్రులు ఉందామని వెళ్లే జంటకు దీని 48 గంటల పాస్ కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. 72 గంటలది చాలామందికి దండగే, ఒక్క సందర్భంలో తప్ప. అది కింద చెప్తాం.

2025 ధరలు ఇవి: 75 నిమిషాల టికెట్ 9.50 యూరోలు, 24 గంటల పాస్ 25, 48 గంటలది 35, 72 గంటలది 45. అంటే 24 గంటల్లో మూడుసార్లు, 48 గంటల్లో నాలుగుసార్లు ఎక్కితే డబ్బు గిట్టినట్టే. పాస్ ఎవరిది వాళ్లకే, ఇద్దరికీ కలిపి ఒకటి కుదరదు.

అసలు కిటుకు గడియారంలో ఉంది. పాస్ తేదీని బట్టి నడవదు, మొదటిసారి మెషీన్‌కు తాకించిన నిమిషం నుంచి లెక్క మొదలవుతుంది. మధ్యాహ్నం 3కి రైల్వే స్టేషన్ దగ్గర మొదలుపెడితే మూడోరోజు మధ్యాహ్నం 3 దాకా చెల్లుతుంది. రాగానే సామానుతో హోటల్‌కు, తర్వాత దీవులకు, చివర్లో తిరిగి స్టేషన్‌కు, అన్నీ అందులోనే అయిపోతాయి. అదే పొద్దున 9కి దిగి వెంటనే తాకించారనుకోండి, మూడోరోజు 9 దాటాక స్టేషన్‌కు వెళ్లడానికి ఇద్దరికీ కలిపి మరో 19 యూరోలు పెట్టాల్సిందే. పొద్దున్నే దిగేవాళ్లు స్టేషన్‌లోని లగేజీ గదిలో పెట్టెలు వదిలేసి, నడిచి తిరిగి, సాయంత్రం పాస్ మొదలుపెట్టడం మేలు. స్టేషన్ నుంచి శాన్ మార్కో చౌకుకు నడక 40 నిమిషాలు. దారి తప్పినా నష్టం లేదు, ఆ సందుల్లో తప్పిపోవడం కూడా చూడదగ్గదే.

ఎక్కే ప్రతిసారీ పాస్‌ను రేవు దగ్గరున్న మెషీన్‌కు తాకించాలి. ఒకసారి చేశాం కదా అనుకోకండి, తనిఖీలో జరిమానా పడొచ్చు.

ఇద్దరి వయసూ 29 లోపుంటే పైన చెప్పిన మినహాయింపు మీకే. 6 యూరోల రోలింగ్ వెనిస్ కార్డు తీసుకుంటే 72 గంటల పాస్ 27కే ఇస్తారు. రెండూ కలిపి 33, అంటే మామూలు 48 గంటల పాస్ కంటే తక్కువ! వయసు చూపడానికి పాస్‌పోర్ట్ దగ్గరుంచుకోండి.

సామాను విషయంలో చాలామంది ఇబ్బంది పడతారు. మనిషికి ఒక్క పెట్టె ఉచితం, పొడవు, వెడల్పు, మందం కలిపి 150 సెంటీమీటర్లు మించకూడదు. 75, 50, 30 కొలతల పెద్ద సూట్‌కేస్ 155 అవుతుంది. కొత్త బట్టలన్నీ ఒకే పెద్ద పెట్టెలో కుక్కకుండా రెండు మధ్యరకం పెట్టెల్లో సర్దుకోండి. దాదాపు ప్రతి చిన్న వంతెనకూ మెట్లుంటాయి కాబట్టి పెట్టె మోయక తప్పదు. హోటల్ వెతికేటప్పుడు శాన్ మార్కోకు ఎంత దూరమో కాదు, దగ్గరి రేవుకూ హోటల్‌కూ మధ్య ఎన్ని వంతెనలున్నాయో అడగండి.

ఇక అసలు సంబరం 1వ నంబర్ పడవ. ఊరి మధ్యగా పోయే పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్ పొడవునా దాదాపు ప్రతి రేవులో ఆగుతూ పోతుంది, పియాజ్జాలే రోమా నుంచి శాన్ మార్కోకు ముప్పావుగంట పడుతుంది. 2వ నంబర్ త్వరగా చేరుస్తుంది, కానీ చూడటానికొచ్చిన వాళ్లకు 1 కావాలి. స్టేషన్ రేవులో ఎక్కితే నిలబడే పోవాలి. కాన్‌స్టిట్యూషన్ వంతెన దాటి నాలుగడుగులు వెనక్కి నడిచి పియాజ్జాలే రోమాలో ఎక్కండి, బయటి సీట్లు దొరికే అవకాశం అక్కడే ఎక్కువ. కొన్ని పడవలకు ఆ సీట్లు ముందు ఉంటాయి, కొన్నిటికి వెనక. పొద్దుగూకే వేళ అయితే ఇంకా మంచిది. ఎడమవైపు కా దోరో అనే పాత భవనం రాతి జాలీలు, తర్వాత 1591లో పూర్తయిన రియాల్టో వంతెన, కుడివైపు కా రెజ్జోనికో భవనం, చివర్లో కుడిపక్కనే సలూతే చర్చి గుమ్మటం. 1630 నాటి ప్లేగు తర్వాత మొక్కు తీర్చుకుంటూ కట్టిన చర్చి అది. ఒక్కో రేవులో పడవ ఒరుసుకుంటూ ఆగగానే సిబ్బంది మోకు విసిరి ఇనుప దిమ్మెకు రెండు చుట్లు చుట్టడం, అది కిర్రుమంటూ బిగుసుకోవడం, గేటు జరపడం చూడండి, ఎన్నిసార్లు చూసినా విసుగనిపించదు.

రేవులో ఒక జాగ్రత్త: పెద్ద రేవుల్లో ఎ, బి, సి అని వేర్వేరు తేలుడు వేదికలుంటాయి. చిన్న రేవుల్లో రెండు దిక్కుల పడవలూ ఒకే వేదికకు వస్తాయి. నంబర్ ఒక్కటే చూసి ఎక్కితే ఎదురుదిక్కుకు పోతారు, చివరి రేవు పేరు కూడా చదవండి.

రెండోరోజు దీవులకు. ఫొందమెంతె నొవె రేవు నుంచి 12వ నంబర్ పడవ మురానో మీదుగా బురానో పోతుంది, బురానోకు ముప్పావుగంట. విడి టికెట్లతో మురానోలో దిగి, బురానో చూసి తిరిగొస్తే ఒక్కొక్కరికి మూడు టికెట్లు, 28.50. పాస్ విలువ తెలిసేది ఆ రోజే. గాజు కొలుములను 1291లో ఊళ్లోంచి మురానోకు తరలించారు. మధ్యాహ్నం బురానో నుంచి తిరుగు పడవకు పెద్ద వరుస ఉంటుంది, అందుకే ముందు బురానో, వచ్చేదారిలో మురానో పెట్టుకోండి.

పాస్ చెల్లనివి: విమానాశ్రయం నుంచి అలిలగూనా పడవ, విమానాశ్రయం బస్సు (దానికి వేరుగా కట్టాలి), గొండొలా. గొండొలా అధికారిక ధర పగలు 30 నిమిషాలకు 90 యూరోలు, రాత్రి 7 తర్వాత 35 నిమిషాలకు 110. అది పడవకు, మనిషికి కాదు. ఎక్కకముందే ధర, నిమిషాలు, దారి మాట్లాడుకోండి, గ్రాండ్ కెనాల్ వద్దు, చిన్న కాలువల్లో తిప్పమనండి. అంత పెట్టలేకపోతే ట్రగెట్టో ఉంది: శాంతా సోఫియా దగ్గర గొండొలాలాంటి పడవలో కాలువ ఈ గట్టు నుంచి రియాల్టో మార్కెట్ గట్టుకు దాటిస్తారు, మనిషికి 2 యూరోలు.

వసంతం, వేసవిలో కొన్ని రోజులు ఊరి ప్రవేశ రుసుము ఉంటుంది. ఊళ్లో రాత్రి బస చేసేవాళ్లకు మినహాయింపు ఉన్నా, ఆన్‌లైన్‌లో నమోదై క్యూఆర్ కోడ్ తీసుకోవాలి. ప్రయాణం తేదీ ఖాయమవగానే ఇద్దరి పేర్లతో ఆ పని ముగించుకోండి.